సమ్మర్‌లో పది జార్లు: స్టార్‌డ్యూ వ్యాలీలో యంత్రాలు తయారు చేసుకోవడం గిట్టుబాటేనా? ఒక కేస్ స్టడీ

మా పిన్ని కొడుకు ఈ మధ్యే స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం వీడియో గేమ్ మొదలుపెట్టాడు. మొదటి సమ్మర్ మొదలైన రోజుల్లో నన్ను అడిగాడు. "అన్నా, ఒక్క ప్రిజర్వ్స్ జార్ చేయాలంటే 50 కలప, 40 రాళ్లు, 8 బొగ్గులు కావాలంటోంది. అంత కష్టపడి చేస్తే నిజంగా గిట్టుబాటు అవుతుందా? పండ్లు కోసినవి కోసినట్టు అమ్మేసుకుంటే పోలా?"

ప్రిజర్వ్స్ జార్ అంటే పండ్లను జెల్లీగా, కూరగాయలను పికిల్స్‌గా మార్చే యంత్రం. నేను వెంటనే "చెయ్యరా, లాభమే" అనేశాను. ఆ ఆట ఆడేవాళ్లు ఎవరైనా అదే చెప్తారు. కానీ ఆ రాత్రి ఆలోచిస్తే నా జవాబు నాకే నచ్చలేదు. ఎంత లాభం? ఎన్ని రోజులకు పెట్టుబడి తిరిగొస్తుంది? అందులో ఏ పండు వేస్తే వస్తుంది? వాడు ఈ మూడింట్లో ఏది అడిగినా నా దగ్గర లెక్క లేదు. 2016లో వచ్చిన ఆట, నేను ఏళ్ల తరబడి ఆడుతున్నాను, ఎన్నో పొలాలు మొదటి నుంచి చివరి దాకా నడిపాను. అయినా కూర్చుని లెక్క వేసింది లేదు. ఇది ఆ లెక్క.

పద్ధతి చెప్తాను. నా పాత పొలం ఒకటి మొదటి ఏడాది సమ్మర్ 1వ తేదీ ఉదయం దగ్గర ఆగి ఉంది. ఆ సేవ్ ఫోల్డర్‌ను కాపీ చేసుకుని అదే సమ్మర్‌ను మూడుసార్లు ఆడాను. ప్రతిసారీ దున్నింది 60 గళ్లే. ఫార్మింగ్ లెవెల్ 5 వచ్చి టిల్లర్ అనే నైపుణ్యం తీసుకున్న పొలం కాబట్టి పంట ఏదైనా 10 శాతం ఎక్కువకు పోతుంది. నాణ్యతను చూపే నక్షత్రాలున్న, ఎక్కువ ధర పలికే పండ్లు ఎన్ని పడతాయన్నది అదృష్టం మీద ఉంటుంది, అందుకే మూడు ఆటల్లోనూ అన్నిటినీ మామూలు రకం ధరకే లెక్క కట్టాను. ఆడింది 1.6 వెర్షన్.

జార్ ఖరీదు ఎంత?

అసలు గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. జార్‌కు ధర చీటీ ఉండదు. సరుకులు తెచ్చి మనమే చేసుకోవాలి. కాబట్టి దాని ఖరీదును రెండు రకాలుగా చూడొచ్చు.

ఒకటి, ఆ సరుకులు అమ్మేసి ఉంటే ఎంత వచ్చేది అని. కలప 2 గోల్డ్ (ఆటలో డబ్బు ఇదే), రాయి 2 గోల్డ్, బొగ్గు 15 గోల్డ్. 50 కలపకు 100, 40 రాళ్లకు 80, 8 బొగ్గులకు 120. మొత్తం 300 గోల్డ్. రెండు, అవే సరుకులు ఊళ్లో కొంటే ఎంత అని. మొదటి ఏడాది వడ్రంగి రాబిన్ దగ్గర కలప 10, రాయి 20. కమ్మరి క్లింట్ దగ్గర బొగ్గు 150. కలప 500, రాళ్లు 800, బొగ్గు 1,200. మొత్తం 2,500. రెండో ఏడాది ఈ ధరలు ఇంకా పెరిగిపోతాయి. కలప 50, రాయి 100, బొగ్గు 250 అయ్యేసరికి అదే జార్ 8,500 గోల్డ్ పడుతుంది.

ఒకే వస్తువు, 300 కావచ్చు, 2,500 కావచ్చు, 8,500 కావచ్చు. "జార్ లాభమా నష్టమా" అని వాదించుకునేవాళ్లు చాలాసార్లు వేర్వేరు ఖరీదులు మనసులో పెట్టుకుని మాట్లాడుతుంటారు.

సొంతంగా తెచ్చుకుంటే 300 అన్నాను కానీ దానికి ఒళ్లు అరగాలి. మొదటి గొడ్డలితో ఒక పెద్ద చెట్టు పడగొట్టడానికి 10 దెబ్బలు, మొద్దు తీయడానికి మరో 5. దెబ్బకు సుమారు 2 ఎనర్జీ. అంటే ఒక్క చెట్టుకు 30 దాకా పోతుంది. ఆట మొదట్లో మనకుండేది 270. మొక్కలకు నీళ్లు పోయకుండా, చేపలు పట్టకుండా, గనిలోకి దిగకుండా పొద్దున్నుంచి చెట్లే కొట్టినా తొమ్మిది చెట్ల దగ్గర బార్ అడుగంటుతుంది. చెట్టుకు పదిహేను దాకా కలప వస్తుంది అనుకుంటే పది జార్లకు కావలసిన 500 కలపకు ముప్పై మూడు చెట్లు కొట్టాలి. అంటే దాదాపు నాలుగు రోజుల శక్తి. ఫోరేజింగ్ లెవెల్ పెరిగేకొద్దీ దెబ్బకు అయ్యే ఖర్చు కాస్త తగ్గుతుంది, కానీ మొదటి సమ్మర్‌లో అది అంతంతమాత్రమే.

రాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు, గనిలో దిగితే అవే వస్తాయి. ఇబ్బందంతా బొగ్గుతోనే. పది జార్లకు 80 బొగ్గులు. చార్‌కోల్ కిల్న్‌లో 10 కలప కాలిస్తే ఒక్క బొగ్గు వస్తుంది. ఆ దారిలో వెళ్తే బొగ్గు కోసమే ఇంకో 800 కలప కొట్టాలి. నేను కొట్టలేదు. గనిలో 41వ అంతస్తు నుంచి మంచు భాగం మొదలవుతుంది. అక్కడ నల్లగా, గుండ్రంగా, ఎగురుకుంటూ మీదికొచ్చే డస్ట్ స్ప్రైట్లు ఉంటాయి. వాటిని కొడితే దాదాపు రెండింటికి ఒకసారి బొగ్గు పడుతుంది. అదృష్టం బాగున్న రోజులు రెండు చూసుకుని ఆ అంతస్తుల్లోనే పైకీ కిందికీ తిరిగాను. నా 80 బొగ్గుల్లో ఎక్కువ భాగం అక్కడివే. మా తమ్ముడికి నేను ఇచ్చిన మొదటి సలహా కూడా ఇదే. జార్ కావాలంటే ముందు 41వ అంతస్తు చేరుకో, బొగ్గు కొనకు.

మూడు సమ్మర్లు

మొదటి ఆటలో యంత్రాలు లేవు. 60 గళ్లలోనూ బ్లూబెర్రీ. విత్తనం 80 చొప్పున 4,800 గోల్డ్. బ్లూబెర్రీ 13 రోజుల్లో కాపుకు వస్తుంది, తర్వాత నాలుగు రోజులకోసారి కాస్తుంది, కోతకు మూడు పండ్లు. 14, 18, 22, 26 తేదీల్లో నాలుగు కోతలు. 720 పండ్లు. టిల్లర్‌తో పండు 55 చొప్పున 39,600. విత్తనాల ఖర్చు పోను 34,800.

రెండో ఆటలో అదే పంట, పది జార్లు. 14వ తేదీ ఉదయానికి పదీ సిద్ధం. బ్లూబెర్రీ అసలు ధర 50. జార్ దాన్ని రెట్టింపు చేసి 50 కలుపుతుంది, జెల్లీ 150. పండుకు 95 లాభం. ఆ రోజు పదింట్లోనూ పండ్లు వేసి చూస్తూ నిలబడ్డాను. బుట్టలో 180 పండ్లు, జార్లలోకి పోయింది పది. మిగిలిన 170 చేతిలోనే ఉన్నాయి.

జార్‌కు 4,000 నిమిషాలు కావాలి. ఆటలో ఒక రోజు, రాత్రి నిద్రతో కలిపి, 1,600 నిమిషాలు. అంటే రెండున్నర రోజులు. ఉదయం ఆరింటికి వేస్తే మూడో రోజు సాయంత్రం 7:20కి తయారవుతుంది. ఆ సమయానికి నేను ఎక్కడో గనిలో ఉంటాను. కాబట్టి మర్నాడు ఉదయమే తీసేది. రెండున్నర రోజుల పని మూడు రోజులైంది. 14, 17, 20, 23, 26, ఐదు లోడ్లు. మొత్తం 50 జెల్లీలు. 720 పండ్లలో 50.

వచ్చింది 39,550. యంత్రాలు లేని ఆటకన్నా 4,750 ఎక్కువ. సరుకుల విలువ 3,000 తీసేస్తే ఆ సమ్మర్‌లో నిజంగా మిగిలింది 1,750. నాలుగు రోజుల గొడ్డలి పనికి, రెండు రోజుల గనికి 1,750. ఆ అంకె చూసినప్పుడు మా తమ్ముడికి తొందరపడి జవాబు చెప్పానని బాధనిపించింది. ఆ పద్ధతిలో వాడి అనుమానమే నిజం.

జార్ వైపు నుంచి చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. 300 పెట్టిన జార్ లోడుకు 95 ఇస్తే నాలుగో లోడుకు, అంటే 12 రోజులకు, పెట్టుబడి తిరిగొస్తుంది. అదే 2,500 పెట్టి కొన్న సరుకులతో చేసిన జార్ 27వ లోడుకు గానీ తేలదు. 81 రోజులు. ఆటలో ఏడాదంటే 112 రోజులు, సీజన్‌కు 28.

ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. జార్ తప్పా, పంట తప్పా? జార్ కలిపే లాభాన్ని మళ్లీ చూడండి. పండు అసలు ధర ఎంతో దాదాపు అంత, పైన ఒక 50. కాబట్టి చవక పండు వేస్తే చవక లాభం. ఖరీదైన పండు వేస్తే, అదే జార్, అదే రెండున్నర రోజులు, లాభం మాత్రం ఎన్నో రెట్లు. నా దగ్గర పండ్లకు కొదవ లేదు, జార్లకే కొదవ. అలాంటప్పుడు జార్‌లో ఉన్న ఒక్క చోటును బ్లూబెర్రీకి ఇవ్వడమే పొరపాటు.

మూడో ఆటలో 30 గళ్లు మెలన్, 30 గళ్లు బ్లూబెర్రీ. మెలన్ విత్తనం కూడా 80 గోల్డే, పంట 12 రోజులు, పండు 250. జెల్లీ 550. 13వ తేదీన మొదటి 30 కోసి వెంటనే మళ్లీ నాటితే 25న ఇంకో 30. జార్లను 13, 16, 19 తేదీల్లో మెలన్లతో నింపాను. 22న మెలన్లు అయిపోతే ఒక్కసారి బ్లూబెర్రీ వేశాను. 25, 28 మళ్లీ మెలన్. మెలన్ ఒక రోజు ముందే చేతికి రావడంతో ఒక లోడు అదనంగా దొరికింది, 28న వేసింది ఫాల్‌లో తెరిచాను. 50 మెలన్ జెల్లీలకు 27,500. 10 బ్లూబెర్రీ జెల్లీలకు 1,500. విడిగా అమ్మిన 350 బ్లూబెర్రీలకు 19,250. మిగిలిన 10 మెలన్లకు 2,750. మొత్తం 51,000. విత్తనాలకు 7,200 పోను 43,800.

యంత్రాలు లేని బ్లూబెర్రీ పొలం కన్నా 9,000 ఎక్కువ. బ్లూబెర్రీనే జార్లలో వేసిన పొలం కన్నా 4,250 ఎక్కువ. జార్లు అవే పది.

అసలు చూడాల్సిన అంకె మరొకటుంది. జార్లే లేకుండా ఇదే మెలన్-బ్లూబెర్రీ పొలం వేసి ఉంటే 29,100 వచ్చేది. మొత్తం బ్లూబెర్రీ వేసిన పొలం కన్నా 5,700 తక్కువ. అందుకే యంత్రాలు లేనివాళ్లు సమ్మర్‌లో బ్లూబెర్రీ వేయడం సరైనదే. యంత్రాలు చేతికొచ్చాక కూడా అదే పంట వేయడమే సరికాదు. జార్లు వచ్చిన రోజే ఏ పంట వేయాలన్న లెక్క మారిపోతుంది. నేను ఇన్నేళ్లూ ఈ రెండింటినీ విడివిడిగా చూశాను. విత్తనాలు కొనేటప్పుడు విత్తనాల లెక్క, జార్లు చేసేటప్పుడు జార్ల లెక్క.

నక్షత్రాల సంగతి

జార్ గానీ కెగ్ (పండ్లను వైన్‌గా మార్చే పీపా) గానీ పండు మీదున్న నక్షత్రాన్ని పట్టించుకోదు. గోల్డ్ నక్షత్రమున్న మెలన్ విడిగా, టిల్లర్‌తో, 412 పలుకుతుంది. దాన్ని జార్‌లో వేసినా 550 జెల్లీయే. అంటే మామూలు మెలన్‌కు 275 కలిపే జార్ దీనికి కలిపేది 138 మాత్రమే. ఇరిడియం మెలన్ అయితే విడిగానే 550. జార్‌లో వేస్తే రెండున్నర రోజులు వృథా తప్ప ఒక్క గోల్డ్ కూడా పెరగదు. కాబట్టి నక్షత్రాలున్నవి అమ్మకానికి వేసే బిన్‌కు, మామూలువి యంత్రానికి. బ్లూబెర్రీ, క్రాన్‌బెర్రీ లాంటి వాటిలో కోతకు వచ్చే పండ్లలో ఒక్కదానికే నక్షత్రం పడే అవకాశం ఉంటుంది, మిగతావి ఎప్పుడూ మామూలువే. అందుకని చెస్ట్‌లో మామూలువి ఎలాగూ పేరుకుంటాయి.

ఫాల్‌లో నేను చేసిన తప్పు

మూడో ఆటనే ముందుకు తీసుకెళ్లాను. ఫాల్‌లో 60 గుమ్మడికాయ, 40 క్రాన్‌బెర్రీ. గుమ్మడికాయ 320, పికిల్స్ అయితే 690. టిల్లర్ ధర 352 తీసేస్తే లోడుకు 338 లాభం. ఇక్కడ కొన్న సరుకులతో చేసిన జార్ కూడా ఎనిమిది లోడ్లకు, 24 రోజులకు తేలిపోతుంది. బ్లూబెర్రీతో 81 రోజులు పట్టిన అదే జార్.

ఫార్మింగ్ లెవెల్ 8 రావడంతో కెగ్‌లు కూడా మొదలుపెట్టాను. కెగ్‌కు 30 కలప, ఒక కాపర్ బార్, ఒక ఐరన్ బార్, ఒక ఓక్ రెజిన్. ఈ నాలుగూ అమ్మితే 390 వస్తాయి. డబ్బు లెక్కలో జార్ కన్నా 90 ఎక్కువ, అంతే. కానీ ఓక్ రెజిన్ కొందామన్నా మామూలు దుకాణాల్లో దొరికేది కాదు. ఓక్ చెట్టుకు ట్యాపర్ తగిలిస్తే వారానికి ఒకటి కారుతుంది. కెగ్‌ల వేగమంతా దాని చేతిలోనే ఉంది. సమ్మర్ 20న ట్యాపర్లు పెట్టి ఉంచాను కాబట్టి ఫాల్ 20 నాటికి 12 కెగ్‌లు చేయగలిగాను. లెవెల్ 8 వచ్చాక ట్యాపర్లు పెట్టేవాళ్లు ఇంకో నెల ఆగాల్సిందే. ఈ ఒక్క పని ముందుగా చేయమని కొత్తవాళ్లందరికీ చెప్తాను.

కెగ్‌లో పండు వేస్తే వైన్, మూడు రెట్లు. కూరగాయ వేస్తే జ్యూస్, రెండుంపావు రెట్లు. వినగానే జార్ కన్నా గొప్పగా అనిపిస్తుంది. నేనూ మొదట గుమ్మడికాయలన్నీ కెగ్‌లలో వేద్దామనుకున్నాను. వేసే ముందు కాగితం తీశాను. జ్యూస్ 720, పికిల్స్ 690. కాయకు 30 తేడా. కానీ జ్యూస్‌కు నాలుగు రోజులు, పికిల్స్‌కు మూడు. పన్నెండు రోజుల్లో ఒక కెగ్ మూడు కాయలతో 1,104 కలుపుతుంది, ఒక జార్ నాలుగు కాయలతో 1,352 కలుపుతుంది. 200 కన్నా తక్కువ ధరున్న కూరగాయకైతే కాయకు కాయ చూసినా జార్‌దే పైచేయి.

పండ్ల విషయంలో ఇంకో రకం. మెలన్ వైన్ 750, కానీ వారం పడుతుంది. 21 రోజుల్లో ఒక కెగ్ మూడు మెలన్లతో 1,425 కలుపుతుంది. ఒక జార్ ఏడు మెలన్లతో 1,925 కలుపుతుంది. మీ దగ్గర ఏడు మెలన్లుంటే జార్ మేలు. మూడే ఉంటే జార్ మూడు లోడ్లతో 825 దగ్గర ఆగిపోతుంది, కెగ్ 1,425 ఇస్తుంది. ఇంటినిండా పండ్లుండి యంత్రాలు తక్కువైతే జార్. యంత్రాలుండి పండ్లు తక్కువైతే కెగ్. విత్తనమే 400 గోల్డ్ పెట్టి కొనే స్టార్‌ఫ్రూట్ లాంటివి ఎప్పుడూ కొరతే, కాబట్టి అవి కెగ్‌కే పోవాలి. స్టార్‌ఫ్రూట్ జెల్లీ 1,550, వైన్ 2,250.

ఇంత లెక్క వేసినవాణ్ని ఫాల్ 27న దెబ్బతిన్నాను. ఆ రోజు రెండో విడత 60 గుమ్మడికాయలు కోశాను. మొదటి విడతలో జార్లకు పోను మిగిలిన పది కూడా ఉన్నాయి. బార్న్‌ను బిగ్ బార్న్ చేయడానికి 12,000 గోల్డ్ కావాలి, చేతిలో డబ్బు లేదు, వింటర్‌లో పంటలుండవన్న టెన్షన్ ఒకటి. 70 కాయలూ, పెట్టెలో ఉన్న క్రాన్‌బెర్రీలూ అన్నీ షిప్పింగ్ బిన్‌లో వేసేశాను. 35 కాయలు అమ్మినా 12,000 దాటేది. వింటర్ 1 ఉదయం చెస్ట్ తెరిస్తే ఖాళీ. పది జార్లు, పన్నెండు కెగ్‌లు, వాటిలో వేయడానికి పండు లేదు. మొదటి వారం గడిచేసరికి 22 యంత్రాలూ మంచులో కదలకుండా నిలబడి ఉన్నాయి.

ఈ ఆటలో పండు కుళ్లిపోదు. చెస్ట్‌లో పెట్టిన గుమ్మడికాయ ఎన్ని నెలలైనా అలాగే ఉంటుంది. వింటర్‌లో బయట పొలంలో చెప్పుకోదగ్గ పంటేమీ ఉండదు కానీ యంత్రం 28 రోజులూ పని చేయగలదు. జార్‌కు తొమ్మిది లోడ్లు, కెగ్‌కు నాలుగు. 35 గుమ్మడికాయలు, నూటికి కాస్త పైన క్రాన్‌బెర్రీలు ఉంచుకుని ఉంటే చాలు. పికిల్స్ మీద 11,830, క్రాన్‌బెర్రీ జెల్లీ మీద సుమారు 6,500, క్రాన్‌బెర్రీ వైన్ మీద ఇంకో 6,800 పైన. అంతా కలిపి 25,000 గోల్డ్ లాభం పోగొట్టుకున్నాను. నా పది జార్లు సమ్మర్ అంతా సంపాదించిన దానికన్నా ఇది చాలా ఎక్కువ.

అప్పటి నుంచి నేను యంత్రాన్ని చూసే తీరు మారింది. సమ్మర్, ఫాల్‌లలో పొలం తన పని తాను చేసుకుపోతుంది, యంత్రం దానికి ఒక చెయ్యి వేస్తుంది. వింటర్‌లో యంత్రమే పొలం. అందుకని ఇప్పుడు యంత్రాలు ఎన్ని చేయాలన్నది ముందు వింటర్‌ను బట్టి చూస్తాను. ఫాల్ చివర ఎన్ని పండ్లు అమ్మకుండా ఉంచుకోగలను? దాన్ని జార్ అయితే తొమ్మిదితో, కెగ్ అయితే నాలుగుతో భాగిస్తే ఎన్ని యంత్రాలు కావాలో తెలుస్తుంది. అంతకు మించి చేస్తే ఖాళీగా ఉంటాయి.

మిగతా యంత్రాలు

కోళ్లుంటే మయోనీస్ యంత్రం గురించి ఆలోచించాల్సిన పనే లేదు. 15 కలప, 15 రాళ్లు, ఒక ఎర్త్ క్రిస్టల్, ఒక కాపర్ బార్, అమ్మితే 170 గోల్డ్ సరుకు. 50 గోల్డ్ గుడ్డు మూడు గంటల్లో 190 అవుతుంది. రెండో గుడ్డుకే ఖర్చు తేలిపోతుంది. చీజ్ ప్రెస్ గురించి కూడా ఆలోచించాల్సిన పని లేదు. మగ్గంతో లాభమే కానీ ఉన్ని రావడమే నిదానం.

హాప్స్ వేరే కథ. 25 గోల్డ్ హాప్స్ కెగ్‌లో పడితే 300 గోల్డ్ పేల్ ఏల్. పన్నెండు రెట్లు. రెండు రోజుల్లోపే తయారవుతుంది. లాభం చూస్తే కళ్లు చెదురుతాయి, కానీ హాప్స్ రోజూ కోయాలి, కెగ్‌లు రెండు రోజులకోసారి నింపాలి. వైన్ అయితే వారానికి ఒకసారి. ఉదయం పూట ఎంత సమయం పొలంలో గడపాలనుందో దాన్ని బట్టి తేల్చుకోవాలి. నేను ఒక సమ్మర్ చేశాను, గనికి వెళ్లే రోజులు తగ్గిపోయాయి, మళ్లీ వేయలేదు.

రెండో ఏడాది

ఫార్మింగ్ లెవెల్ 10కి ఆర్టిజన్ అనే నైపుణ్యం తీసుకున్నాను. యంత్రాల్లో తయారైనవాటికి 40 శాతం ఎక్కువ. మెలన్ జెల్లీ 550 నుంచి 770. 40 శాతమే కదా అనిపిస్తుంది. కానీ మెలన్ విడిగా ఇప్పటికీ 275కే పోతుంది. అంటే జార్ కలిపే విలువ 275 నుంచి 495కి పెరిగింది. 80 శాతం. ముందు నుంచీ యంత్రాలు సిద్ధంగా ఉన్నవాళ్లకే ఈ పెరుగుదల మొదటి రోజు నుంచి చేతికొస్తుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. జెల్లీ, వైన్ చేస్తే ఫార్మింగ్ అనుభవం పెరగదు. పంట కోస్తేనో, పశువులను చూసుకుంటేనో పెరుగుతుంది. లెవెల్ 10 దాకా పొలాన్ని చిన్నది చేసుకుని యంత్రాల మీదే పడితే ఆర్టిజన్ రావడం ఆలస్యమవుతుంది.

గ్రీన్‌హౌస్ తెరుచుకున్నాక ఏన్షియెంట్ ఫ్రూట్ వేశాను. మొక్క ఎదగడానికి 28 రోజులు, ఆ తర్వాత ఏడు రోజులకోసారి పండు. వైన్‌కు పట్టే వారంతో ఇది అచ్చంగా సరిపోతుంది. పండు కోసిన రోజే పోయిన వారం కెగ్‌లు ఖాళీ అవుతాయి. గ్రీన్‌హౌస్ నిండా స్ప్రింక్లర్లతో 116 మొక్కలు పడతాయి. వాటన్నిటికీ 116 కెగ్‌లు కావాలంటే 3,480 కలప, 116 కాపర్ బార్లు, 116 ఐరన్ బార్లు, 116 రెజిన్. ఇరవై ట్యాపర్లున్నా రెజిన్‌కే ఆరు వారాలు. నేను 24 కెగ్‌ల దగ్గర ఆగాను. మిగతా పండ్లను చెస్ట్‌లో దాస్తూ, రెజిన్ వచ్చినప్పుడల్లా కెగ్‌లు పెంచుకుంటున్నాను. కెగ్‌లు ఆరుబయట పెట్టినా పని చేస్తాయి కాబట్టి, 15,000 గోల్డ్ పెట్టి షెడ్ కట్టడం వాయిదా వేశాను.

రెండో ఏడాది ఫాల్ 27న మళ్లీ అదే పరిస్థితి. డీలక్స్ బార్న్‌కు 25,000 గోల్డ్ కావాలి, చేతిలో 120 గుమ్మడికాయలు. ఈసారి 72 లెక్కపెట్టి బిన్‌లో వేశాను, 48 చెస్ట్‌లో పెట్టాను. పక్క చెస్ట్‌లో క్రాన్‌బెర్రీలు ఒక్కటీ అమ్మలేదు.

మా తమ్ముడు ఈ లెక్కలన్నీ విన్నాక నాలుగే జార్లు చేసుకున్నాడు. "32 బొగ్గుల వరకైతే నేను తేగలను అన్నా" అన్నాడు. సమ్మర్‌లో మెలన్లు, ఫాల్‌లో గుమ్మడికాయలు వేశాడు. ఫాల్ చివర ఫోన్ చేసి "నాలుగు తొమ్మిదులు ముప్పై ఆరు కదా, 36 కాయలు పక్కన పెట్టేశాను, మిగతావి అమ్మనా?" అని అడిగాడు. అమ్మమన్నాను. ఇప్పుడు వాడి పొలంలో వింటర్ నడుస్తోంది. చుట్టూ మంచు, ఇంటి గుమ్మం పక్కన నాలుగు జార్లు పని చేస్తూ ఊగుతున్న బొమ్మ నిన్న పంపాడు. అప్పటికి మూడో లోడు.